నోట్లో ముద్ద ఉంది

కాలర్ల వదిన తెల్లబట్ట మీద కక్కింది.

కక్కడానికి ఆమె కడుపులో ఏముంది గనక? పసరు. పచ్చగా, చేదుగా ఇంత పసరు. ముందురోజు సాయంత్రం పిల్లలకు పెట్టగా గిన్నె అడుగున మిగిలింది గీక్కుని తిన్నదే ఆమె తిన్న తిండి. తెల్లారకముందే షెడ్డుకు వచ్చి మిషను ముందు కూర్చుంది. ఎండ రేకుల మీదికెక్కింది, షెడ్డు పెనమైంది, మిషన్లు ఆగలేదు. కాలరు వెనక కాలరు కుడుతూ కుడుతూ ఆమె ఒక్కసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి ఆపగలిగేదా అది? వేళ్ల సందుల్లోంచి కారి బట్ట మీద పడింది.

ఈల వినబడింది. మేస్త్రీ నోట్లో ఎప్పుడూ ఈల ఉండేది. మాట్లాడేటప్పుడు తీసేవాడు, అరిచేటప్పుడు పెట్టేవాడు. అందుకే అందరికీ వాడు ఈల మేస్త్రీ.

"ఏంటే ఇది? మీ అబ్బ సొమ్మనుకున్నావా బట్ట? తుడువు!"

ఆమె గుడ్డ కోసం అటూ ఇటూ చూసింది.

"వెతుకుతావేం? నెత్తిన ఉందిగా!"

నూరుమంది చూస్తుండగా కాలర్ల వదిన తన తలగుడ్డ విప్పి తన వాంతిని తానే తుడిచింది. తుడిచిన గుడ్డనే మళ్లీ తలకు కట్టించాడు. ఎందుకంటే ఆ షెడ్డులో తల మీద గుడ్డ లేకుండా ఎవరూ కూర్చోకూడదు. అక్కడ కుట్టేది ఆస్పత్రుల్లో డాక్టర్లు తొడుక్కునే తెల్లకోట్లు. వెంట్రుక పడకూడదు, నూనె చుక్క పడకూడదు, మెతుకు పడకూడదు. అందుకని అన్నం డబ్బాలన్నీ గేటు దగ్గరే అరల్లో పెట్టించేవాళ్లు. ఆర్డరు పూర్తయితేనే అర తాళం తీసేవాళ్లు. జబ్బులు నయం చేసేవాళ్ల కోట్లు కుట్టేచోట మనిషి జబ్బు పడితే ఈల వేసేవాళ్లు.

షెడ్డు చివర నేల మీద పొట్టి బల్ల ముందు కూర్చుని కుట్టిన కోట్ల దారాలు కత్తిరించే దారాల పిన్ని ఇదంతా చూసింది. చూసి, వెంటనే తన కూతురి వైపు చూసింది. మూడో వరసలో జేబులు కుడుతూ కూర్చునే ఆ పిల్ల మిషను ఆపి, మేస్త్రీ వైపు తిరిగి కూర్చుంది. పిన్ని కత్తెర ఆగిపోయింది. పిట్ట తుమ్మినా పిడుగు పడిందనుకునే మనిషి ఆమె. వాన వస్తే గోడ కూలుతుందని, కూతురు పావుగంట ఆలస్యమైతే బండి కింద పడిందని, తలుపు చప్పుడైతే ఎవరో చావు కబురు తెచ్చారని అనుకునేది. నలుగురూ నవ్వేవాళ్లు. కట్టుకున్నవాడు ఒక పొద్దున పనికి వెళ్లి, కూలిన గోడ కిందినుంచి శవమై బయటికొచ్చాడని వాళ్లకూ తెలుసు. అందుకే మరీ ఎక్కువ నవ్వేవాళ్లు కాదు.

'కుట్టుకోవే తల్లీ, తల దించుకుని కుట్టుకో' అని పిన్ని కళ్లతోనే బతిమాలింది. కూతురు చూడలేదు.

ఆ సాయంత్రం గేటు దగ్గర జేబుల పిల్ల ఓనరు కారుకు అడ్డంగా నిలబడింది. వెనక ఇంకో పదిమంది నిలబడ్డారు. పిన్ని పరిగెత్తుకెళ్లి కూతురి జబ్బ పట్టుకుని లాగింది. ఓనరు అద్దం దించి నవ్వాడు. మెత్తగా నవ్వే మనిషి అతను.

"తిండి కావాలా? ఈ మాత్రానికేనా గొడవ? రేపట్నుంచి తినండి. మధ్యాహ్నం ఒక బెల్లు కొడతాం, బయటికెళ్లి తినండి. రెండో బెల్లుకి మిషను దగ్గర ఉండండి. సరేనా?"

ఆడవాళ్లు గెలిచామనుకున్నారు. గుండీల అత్త అయితే "నేను చెప్పలా, అడిగితే అమ్మైనా పెడుతుంది, అడక్కపోతే..." అని ఏదో సామెత మొదలుపెట్టి, సంతోషంలో మిగతాది మర్చిపోయింది.

మర్నాడు బెల్లు కొట్టారు. అందరూ గేటు దగ్గరికి ఉరికారు. అరల ముందు తోపులాట. ఒకరి డబ్బా ఒకరికి వచ్చింది. నిలబడే తిన్నారు. తినడం కాదది, మూటలో గుడ్డలు కుక్కినట్టు నోట్లో కుక్కుకోవడం. కాలర్ల వదినకు డబ్బా లేదు. దారాల పిన్ని తన డబ్బాలో సగం ఆమె చేతిలో పెట్టింది. చల్లారి గట్టిపడ్డ అన్నం, నూనె తేలుతున్న కూర.

"తినవే, తొందరగా తిను. బెల్లు కొట్టేస్తారు."

"కడుపులో తిప్పుతోంది పిన్నీ."

"తింటే అదే పోతుంది. మింగు, మింగు."

వదిన మింగింది. ఆకలి ఒక పక్క రమ్మంటోంది, వికారం ఒక పక్క వద్దంటోంది. ముద్ద వెనక ముద్ద తోసింది. రెండో బెల్లు మోగింది. ఈల కూడా మోగింది. అందరూ పరిగెత్తారు, ఆమె కూడా పరిగెత్తింది.

కాసేపటికి కాలర్ల మిషను దగ్గర ఎవరూ లేరు. మేస్త్రీ "ఎక్కడ చచ్చిందిది?" అని అరిచాడు. మాట వరసకు అన్నాడు. వెతగ్గా నీళ్లగదిలో కనబడింది. గోడకు తల ఆనించుకుని పడి ఉంది. తిన్నదంతా ఎదురొచ్చి ఊపిరికి అడ్డం పడింది. తలుపు బాదినట్టుంది, తలుపు మీద తడి చేతి గుర్తులున్నాయి. షెడ్డులో మిషన్ల మోతకు ఎవరికీ వినబడలేదు.

తలుపు తోసి ఆమెను మొదట చూసింది దారాల పిన్నే. అన్నం మెతుకులు చూసి గుర్తుపట్టింది. తన డబ్బాలోవే.

ఓనరు అందర్నీ నిలబెట్టి మాట్లాడాడు. గొంతులో బాధ కూడా పలికించాడు.

"అడిగారు, ఇచ్చాను. ఏమైంది? ఎన్నడూ తిండి మొహం చూడనట్టు తింటే ఇలాగే అవుతుంది. మీ మంచి కోసమే చెప్తున్నా, ఇక బెల్లూ లేదు, తిండీ లేదు. మీకు పడదు."

ఆకలితో చచ్చినదానికి తిండిబోతని పేరు పెట్టారు. ఆ పేరుతోనే ఆమెను పూడ్చారు.

*

ఆ తర్వాత ఓ సాయంత్రం జేబుల పిల్ల ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. తల్లి చూడగానే లోపలికి పరిగెత్తి కంచం నిండా వడ్డించుకొచ్చింది. కాలర్ల వదిన చేతిలో అన్నం పెట్టిన చెయ్యే అది. కానీ ఆకలిగా ఉన్న బిడ్డను చూస్తే ఏ తల్లి చెయ్యైనా కంచం వైపే పోతుంది, ఇంకెటు పోతుంది?

"తిను తల్లీ, తిను."

"వద్దమ్మా. వాసనకే తిప్పుతోంది."

"తినకపోతే పోతావే! తిను!"

ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది. రెండు ముద్దలు పోయాయి. మూడోది పోకముందే ముందువి తిరిగొచ్చాయి. పిల్ల గుమ్మం పట్టుకుని వంగిపోయింది. తల్లి కేక పెట్టింది. "అయ్యో, దీనికీ అదే వచ్చింది! పోయింది, నా పిల్ల పోయింది!"

కేకకు పక్కగది ఇస్త్రీ తాత వచ్చాడు. షెడ్డులో కోట్లన్నిటికీ ఇస్త్రీ చేసేది ఆయనే. ఆవిరికి ఆయన ముఖం ఉడికిన తోలులా ఉండేది. పడుచుతనంలో జైలుకు వెళ్లాడని, అక్కడ తోటివాళ్లతో కలిసి తిండి మానేశాడని చెప్పుకునేవాళ్లు. ఆయన మాత్రం ఆ సంగతి ఎత్తేవాడు కాదు.

"అరవకు. అరిస్తే కడుపు బెదురుతుంది. ఆ కంచం తీసెయ్ ముందు. నూనె వాసన దానికి తగలనియ్యకు."

"తినకపోతే చచ్చిపోతుంది తాతా!"

"తింటే కూడా చస్తారమ్మా, నువ్వు పెట్టేలా పెడితే. ఖాళీ కడుపు అలిగిన పిల్లలాంటిది. గదమాయిస్తే తలుపేసుకుంటుంది. బుజ్జగించాలి. నీళ్లలో చిటికెడు ఉప్పు, కాస్త పంచదార వేసి తీసుకురా."

తెచ్చింది. తాత చెంచాతో ఇమ్మన్నాడు. గుక్కలు తాగనివ్వలేదు. నాలుక తడిసేంత ఇప్పించి ఆపమన్నాడు. పిల్లను గోడకు ఆనించి కూర్చోబెట్టాడు, పడుకోనివ్వలేదు. ఆగారు. మళ్లీ ఒక చెంచా, మళ్లీ ఆగారు. ఆ ఆగడం పిన్నికి ప్రాణసంకటంగా ఉంది. వడ్డించడం ఎరుగును, కసరడం ఎరుగును, ఏడవడం ఎరుగును. ఊరికే ఆగడం ఆమె ఎన్నడూ ఎరగదు.

వికారం తగ్గాక పలచటి జావ తేట ఇచ్చారు. అదీ నిలిచాక గోరంత పొడి రొట్టె ముక్క.

"నమిలి నమిలి నోట్లోనే జావైపోవాలి. అప్పుడు మింగు. లోపల నిలిచిందని తెలిశాక ఇంకోటి." తాత గోడకు జారబడ్డాడు. "జైల్లో మావాడొకడు ఉండేవాడు. ఎద్దులాంటి మనిషి. మేం అడిగింది ఒప్పుకున్నారు, దీక్ష మానేశాం. ఆ రోజు జైలు పెద్దాయన విందు పంపించాడు. ఇంత ఇంత పళ్లేలు. మేం వద్దన్నా వాడు వినలేదు, ఆబగా తిన్నాడు. జైలు చంపలేనివాణ్ణి కంచం చంపింది."

"ఆ పెద్దాయనకి తెలిసే పంపించాడా తాతా?" పిల్ల గొంతు నీరసంగా వచ్చింది.

"తెలుసో లేదో. మనల్ని తొందరపెట్టేవాడికి మన కడుపు సంగతి తెలియాల్సిన పని లేదుగా."

పిల్ల రొట్టె ముక్కను వేళ్లతో తిప్పి తిప్పి చూసింది. తర్వాత అంది.

"అంటే వదినని చంపింది తిండి కాదు. బెల్లు."

దారాల పిన్ని చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. వదినను తానే చంపానని లోలోపల కుమిలిపోతూ ఆమె కంటిమీద కునుకు లేకుండా ఉంది. 'తొందరగా తిను' అన్నది తనే. కానీ ఆ తొందర తనదా? తన నోట్లో ఆ మాట పెట్టిందెవరు?

*

సెలవురోజు మధ్యాహ్నం గదుల వరస వెనక, కుళాయి దగ్గర అందరూ చేరారు. బకెట్లు బోర్లించి కూర్చున్నారు. మాట మీద మాట పడింది.

"తిండికి చోటు అడుగుదాం. బల్లలు, కుర్చీలు..."

"ఆఁ, పరుపులు కూడా అడుగు, తిని పడుకోడానికి!"

గుండీల అత్త గట్టిగా అంది. "అడిగాంగా ఒకసారి. శవం వచ్చింది. ఇంకోసారి అడుగుదామా? ఎవరింట్లో ఎక్కువున్నారు చెప్పండి."

నవ్వబోయినవాళ్లు ఆగిపోయారు.

జేబుల పిల్ల లేచింది. "అత్తా, అడగొద్దు. వాడు ఇస్తే వాడి బెల్లుకే ఇస్తాడు. మనం తీసుకుందాం. ఎవరికి కడుపులో తిప్పుతుందో వాళ్లు కత్తెర బల్ల మీద పెట్టాలి. చప్పుడయ్యేలా. విన్నవాళ్లు కూడా పెట్టాలి. అందరూ మిషను దిగి కింద కూర్చోవాలి. మెల్లగా తినాలి. అందరికన్నా మెల్లగా తినేవాళ్లు ఎవరో, వాళ్లు మింగేదాకా ఎవరూ లేవకూడదు."

"ఏం తింటాం? గేటు దగ్గర ఒళ్లంతా తడుముతారుగా!"

పిల్ల చెయ్యెత్తి తలగుడ్డ ముట్టుకుంది. "ఒళ్లంతా తడుముతారు. ఇది విప్పమంటారా? విప్పితే వాళ్లకే వెంట్రుక పడుతుందని భయం."

గుండీల అత్త తన తలగుడ్డ తడుముకుంది. తర్వాత ముసిముసిగా నవ్వింది. "పొడి రొట్టె అయితే మరక కూడా పడదే. నా నెత్తి మీదైతే రెండు పూటలకి సరిపడా పడుతుంది."

"మా అమ్మ ఎందుకు మాట్లాడట్లేదు?" పిల్ల తల్లి వైపు తిరిగింది.

"ఏం మాట్లాడను? పోలీసులొస్తారు. తంతారు. పనిలోంచి తీసేస్తారు. నిన్ను తీసుకెళ్లిపోతారు. రాసిపెట్టుకో, ఇదంతా జరుగుతుంది."

ఇస్త్రీ తాత తల ఊపాడు. "జరుగుతుంది. జరగదని చెప్పి మిమ్మల్ని రమ్మనను. ఊరుకుంటే ఏం జరుగుతుందో అది నీళ్లగదిలో చూశాం."

మర్నాడు నూరు తలల మీద నూరు రొట్టె ముక్కలు గేటు దాటాయి. గేటువాడు నడుములు తడిమాడు, సంచులు దులిపాడు. గుండీల అత్తను చూసి "తల పెద్దదైందేంటి?" అన్నాడు. "తెలివి పెరిగింది నాయనా" అని లోపలికి నడిచింది.

కానీ పొద్దెక్కినా ఒక్క కత్తెరా చప్పుడు కాలేదు. ఈల తిరుగుతోంది, తలలు వంగే ఉన్నాయి. మాట వేరు, కత్తెర పెట్టడం వేరు. అందరూ ఎదుటివాళ్ల కోసం చూస్తున్నారు. కాలర్ల వదిన మిషను మీద కొత్త పిల్ల కూర్చుంది. దానికి ఈ కథంతా తెలియదు కూడా.

దారాల పిన్ని కూతుర్నే చూస్తోంది. పిల్ల పెదాలు తెల్లబడ్డాయి. చెంపలు లోపలికి పీల్చుకుంటోంది. ఒకసారి కళ్లు మూసుకుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కాలర్ల వదిన పెట్టుకున్నట్టే.

పిన్నికి నీళ్లగది తలుపు కనబడింది. తడి చేతి గుర్తులు కనబడ్డాయి. ఒంట్లో ఉన్న భయమంతా ఒకే వైపు తిరిగింది. ఈల భయం, గేటు భయం, పోలీసు భయం, ఏవీ దాని ముందు నిలవలేదు. ధైర్యం కాదది. దాన్ని ధైర్యమని పొగిడితే ఆమే ఒప్పుకోదు.

కత్తెర బల్ల మీద పెట్టింది.

టక్.

షెడ్డు మోతలో అది చీమ చప్పుడు. పక్కన కూర్చున్నవాళ్లకు వినబడింది. టక్. గుండీల అత్త పెట్టింది. టక్, టక్. వరస వెనక వరస మిషన్లు ఆగాయి. మోత తగ్గేకొద్దీ కత్తెరల చప్పుడు పెద్దదైంది. చివరికి ఆ షెడ్డులో ఎవరూ ఎన్నడూ వినని నిశ్శబ్దం వచ్చింది.

ఈల మోగింది. ఆడవాళ్లు తలగుడ్డలు విప్పి, ఒళ్లో పరుచుకుని, రొట్టెలు తీశారు. గోరంత తుంచి నోట్లో పెట్టుకుని నమలసాగారు.

"లేవండే! లేవండి! ఎవరు చెప్పారు మీకు?" మేస్త్రీ వరసల మధ్య పరిగెత్తాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. నోట్లో తిండి పెట్టుకుని మాట్లాడటం మర్యాద కాదు. ఊదీ ఊదీ వాడి ముఖం ఎర్రబడింది.

"మేస్త్రీ గారూ, ఆ ఈల నమలకండి. అరగదు" అంది ఎవరో వెనకనుంచి.

చాలా కాలం తర్వాత షెడ్డు నవ్వింది. ఇస్త్రీ తాత ఉప్పు, పంచదార నీళ్ల బకెట్టు వరసల మధ్య తిప్పాడు. పక్కావిడ తుంచి ఇచ్చిన ముక్కను కొత్త పిల్ల ఆబగా మింగబోతే దారాల పిన్ని దాని చెయ్యి పట్టుకుంది. "మెల్లగా. ఎవరూ తరమడం లేదు." ఆ మాట తన నోటినుంచి వచ్చినందుకు ఆమెకే వింతగా ఉంది. అందరికన్నా ఆఖర్న మింగింది ఆమె. అప్పుడే లేచారు, మిషన్లు ఎక్కారు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఎవరికి తిప్పితే వాళ్లు కత్తెర పెట్టారు. వాంతులు తగ్గాయి. ఓనరుకు మాత్రం నిద్ర తగ్గింది. తలగుడ్డలు విప్పి వెతికించాడు. రొట్టెలు రవికల్లోకి మారాయి. మేస్త్రీ కత్తెరలు లాక్కున్నాడు. అరచేత్తో బల్ల చరిచారు.

ఆ తర్వాత పోలీసులు వచ్చారు.

బూట్లు షెడ్డులోకి వచ్చేసరికి అందరూ నేల మీదే ఉన్నారు. ఓనరు గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి నవ్వడం లేదు. ఇన్‌స్పెక్టరు లాఠీతో మిషను బల్ల మీద కొట్టాడు.

"లేవండి. మీకు నాయకులెవరు?"

నములుతున్న చప్పుడు.

"మిమ్మల్నే! చెవుడా?" లాఠీ దారాల పిన్ని భుజం మీద ఆగింది. ఆమె చివర కూర్చుంటుంది కనక గుమ్మానికి దగ్గర. "నువ్వు లే."

ఆమె ఒళ్లంతా వణుకుతోంది. వణుకుతూనే చెయ్యెత్తి ఆగమన్నట్టు సైగ చేసింది. దవడలు కదులుతున్నాయి. ఇన్‌స్పెక్టరు ఆమె ముఖంలోకి వంగి చూశాడు.

"నోట్లో ముద్ద ఉంది బాబూ" అంది ఆమె. "మింగాక లేస్తాను."

లాఠీ లేచింది. దెబ్బ భుజం మీద పడింది. ఆమె ముద్ద ఊయలేదు. రెండో దెబ్బ పడబోతుండగా జేబుల పిల్ల లేచి నిలబడింది.

"ఆమెని వదిలెయ్యండి. నేనే నాయకురాల్ని."

"కాదు, నేను" అన్నాడు ఇస్త్రీ తాత.

"వీళ్లిద్దరూ కాదు, నేను. తల పెద్దది నాదే" అని గుండీల అత్త లేవబోతే పోలీసులు తోసేశారు. పిల్లనూ తాతనూ ఈడ్చుకుపోయారు. పిల్ల ఆ పూట ఇంకా రొట్టె తుంచనే లేదు. పొద్దుటినుంచీ ఖాళీ కడుపు. దాన్ని లాక్కెళ్తున్నారు.

దారాల పిన్ని వెంట పరిగెత్తింది. భయపడిందంతా జరిగింది. పోలీసులొచ్చారు, తన్నారు, పిల్లను తీసుకెళ్తున్నారు. ఏళ్లుగా కలల్లో చూసినదే. లోపల ఇంకేం చేస్తారో తలచుకునే ధైర్యం లేదు. తిరిగొస్తుందో రాదో. ఎలా వస్తుందో. వ్యాను తలుపు పడుతుండగా చువ్వల్లోంచి చెయ్యి దూర్చింది. చేతిలో మిగిలిన రొట్టె ముక్క కూతురి పిడికిట్లో కుక్కింది.

ఇన్నాళ్లూ గుమ్మం దాటే ప్రతిసారీ జాగ్రత్త అనేది, గొడవల్లోకి పోవద్దనేది, చీకటి పడకముందే రమ్మనేది. ఇప్పుడు అవేవీ రాలేదు.

"గబగబా తినకే తల్లీ. నీళ్లు అడుగు, ఇచ్చేదాకా అడుగు. వాళ్లు ఎంత తొందరపెట్టినా సరే... మెల్లగా తిను."

"అలాగేనమ్మా." పిల్ల గోరంత ముక్క తుంచి, తల్లికి కనబడేలా నోట్లో పెట్టుకుంది.

వ్యాను పోయింది. దుమ్ములో పిన్ని కాసేపు నిలబడింది. భుజం వాచి, చెయ్యి లేవడం లేదు. తర్వాత వెనక్కి తిరిగి షెడ్డులోకి నడిచింది. ఈల మోగుతూనే ఉంది. కొందరు భయంతో మిషన్లు ఎక్కి కూర్చున్నారు. గుండీల అత్త ఏడుస్తోంది. కొత్త పిల్ల మాత్రం కదలకుండా నేల మీదే కూర్చుని, చేతిలో రొట్టెతో పిన్ని వైపు చూస్తోంది.

పిన్ని తన చోటికి వెళ్లింది. కూర్చుంది. బాగున్న చేత్తో బల్ల చరిచింది.

తర్వాత మిషన్లెక్కినవాళ్లు ఒక్కొక్కరే దిగారు. అరచేతులు బల్లల మీద పడ్డాయి. గోడ అవతల అట్టపెట్టెలు మడిచే షెడ్డు ఉంది. అక్కడా తిండి లేదు, అక్కడా ఈల ఉంది. అక్కడ మోత ఆగిపోయింది.

ఆ తర్వాత గోడకు అటువైపునుంచి ఒక దెబ్బ వినబడింది. మెల్లగా ఇంకొకటి.

దారాల పిన్ని కొత్త పిల్ల అందించిన రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. నమలసాగింది. ఎవరూ లేవలేదు.